కిలోల లెక్కలో కనిపించని బతుకు

ఒంటి బరువు గురించి స్త్రీల ఉద్యమం పెద్దగా మాట్లాడలేదు. ఆకలి, రక్తహీనత, ప్రసూతి మరణాలు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల పేరిట జరిగిన బలవంతాలు – వీటి గురించి రాశాం, పోట్లాడాం. 1991లో వచ్చిన ‘సవాలక్ష సందేహాలు’ పుస్తకం స్త్రీల ఆరోగ్యాన్ని స్త్రీలే తమ మాటల్లో చర్చించుకునే దారి చూపింది. అయినా స్థూలకాయం మాత్రం కడుపు నిండినవాళ్ల సమస్యగానే మిగిలిపోయింది. మనం పట్టించుకోని ఈ చోటికి వేరేవాళ్లు వచ్చారు. నగరాల్లో స్లిమ్మింగ్ సెంటర్లు, చిన్న పట్టణాల్లో షేకులు అమ్మే ‘న్యూట్రిషన్ సెంటర్లు’, ఫోన్ తెర మీద డైట్ గురువులు, ఇప్పుడు సూదిమందు కంపెనీలు. అందరూ అమ్మేది ఒకే మాట: బరువు తగ్గు, నీ బతుకు బాగుపడుతుంది.

ఈ మాట ఎంతవరకు నిజం? ఎవరి బతుకు, ఏ విధంగా, ఎంత ఖర్చుతో బాగుపడుతుంది? ఈ ప్రశ్నలు అడగవలసిన వాళ్లం మనమే.

ముందుగా, ఇది పట్నం ఆడవాళ్ల సమస్య అనే అపోహ పోవాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ల స్త్రీలలో 30.1 శాతం మంది ఉండవలసిన దానికంటే ఎక్కువ బరువు ఉన్నారు. అదే సర్వేలో 18.8 శాతం మంది తక్కువ బరువు ఉన్నారు. 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. ఈ మూడు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడాలి. లావుగా కనిపించే స్త్రీకి రక్తం తక్కువగా ఉండడం అరుదైన సంగతి కాదు. ఆమె ఒంట్లో ఉన్నది తిండి ఎక్కువైన లక్షణమూ, తిండి చాలని లక్షణమూ రెండూను. పైగా ఈ సర్వేలో బరువు లెక్క 49 ఏళ్ల దగ్గరే ఆగిపోతుంది. మోకాళ్లు అరిగి, చక్కెర వ్యాధి పట్టుకునే యాభై దాటిన స్త్రీలు ఈ లెక్కలోకే రారు.

నర్మెట్ట మండలం 2016 దాకా వరంగల్ జిల్లాలో ఉండేది. ఇప్పుడు జనగామ జిల్లా. పత్తి, వరి పండే ఊళ్లు. అక్కడి పొదుపు సంఘాల స్త్రీలతో కూర్చుని మాట్లాడితే బరువు గురించి వాళ్లు చెప్పే సంగతులకూ, బరువు తగ్గించే కార్యక్రమాలు చెప్పే సంగతులకూ పొంతనే ఉండదు. ఒకామె అన్నది: “ఆపరేషన్ అయినంక దొడ్డుగైన మేడం. గంతకు ముందు గింత లేకుంటి.” ఇంకొకామె గర్భసంచి తీయించుకున్నప్పటి నుంచి అన్నది. గర్భసంచి తీయించుకున్న స్త్రీల శాతంలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ దేశంలోనే ముందు వరుసలో ఉన్నాయన్న సంగతి మనకు కొత్త కాదు. కొందరికి థైరాయిడ్, కొందరికి ఏళ్ల తరబడి వాడిన మందులు, కొందరికి కూలిపని మానేసి కుట్టుమిషను ముందు కూర్చోవలసి రావడం. బరువుకు ఒక చరిత్ర ఉంటుంది. “ఎంత తింటున్నావు?” అనే ప్రశ్నతోనే మొదలుపెట్టి దానితోనే ముగించే ఏ కార్యక్రమమూ ఆ చరిత్ర వినదు.

భాష కూడా ఈ స్త్రీల మీద పగబట్టినట్టే ఉంటుంది. తెలుగులో ‘బలిసింది’ అంటే లావైందని అర్థం, పొగరెక్కిందనీ అర్థం. ‘కొవ్వెక్కింది’ కూడా అంతే. ఎదురు మాట్లాడిన కోడల్ని, కూలి రేటు అడిగిన దళిత స్త్రీని తిట్టడానికి ఊరి పెద్దలు వాడిన మాటలివి. ఒంటి మీద కండను నడతకు ముడిపెట్టి అవమానించే ఈ అలవాటే డాక్టరు గదిలోకీ వస్తుంది. మోకాలి నొప్పని పోతే, పరీక్ష చేయకముందే “పది కిలోలు తగ్గి రా” అంటారు. ఆమె తగ్గలేదు, తిరిగి పోనూ లేదు. బరువు పేరుతో అవమానపడ్డవాళ్లు వైద్యానికే దూరమవుతారని ఎన్నో దేశాల పరిశోధనలు చెబుతున్నాయి. ఆ దూరం ఖరీదు ఏమిటో చక్కెర వ్యాధితో కాలిపుండు ముదిరాక తెలుస్తుంది.

ఇక కొలత సంగతి. ఎత్తును బట్టి బరువును లెక్కగట్టే బి.ఎం.ఐ. సూత్రం 1830లలో బెల్జియం గణాంకవేత్త కెట్లే తయారుచేసింది. ‘సగటు మనిషి’ని లెక్కగట్టాలన్నది ఆయన తపన. రోగుల వైద్యం ఆయన ఉద్దేశమే కాదు. 1972లో అమెరికన్ శాస్త్రజ్ఞుడు యాన్సెల్ కీస్ దానికి ఇప్పుడున్న పేరు పెట్టాడు. భారతీయులకు తక్కువ బరువులోనే చక్కెర వ్యాధి, గుండెజబ్బు వస్తున్నాయి కాబట్టి మన వైద్యనిపుణులు 2009లో 25 దాటితేనే స్థూలకాయం అని గీత కిందికి జరిపారు. దీని ప్రకారం 150 సెంటీమీటర్ల ఎత్తున్న స్త్రీ 57 కిలోలుంటే స్థూలకాయురాలే. అందులో కొంత న్యాయం ఉంది, కొంత ప్రమాదమూ ఉంది. జబ్బును ముందుగా పట్టుకోవచ్చన్నది న్యాయం. ఏ జబ్బూ లేని లక్షలాది స్త్రీలు ఒక్క గీతతో ‘రోగులు’ అయి, అమ్మకందారులకు గిరాకీగా మారడం ప్రమాదం. 2025 జనవరిలో లాన్సెట్ పత్రిక నియమించిన అంతర్జాతీయ నిపుణుల బృందం ఈ విషయాన్నే ఒప్పుకుంది. బి.ఎం.ఐ. ఒక్కదాన్నే చూసి రోగం నిర్ధారించకూడదనీ, శరీరభాగాల పనితీరు, రోజువారీ పనులు దెబ్బతిన్నాయా లేదా చూడాలనీ చెప్పింది. అంటే బరువు నుంచి బతుకు వైపు చూపు తిప్పమంది.

బతుకు నాణ్యతను కొలవడానికి కూడా పట్టికలున్నాయి. అమెరికాలో 1990లలో తయారై 2001లో 31 ప్రశ్నలకు కుదించిన పట్టిక ఒకటి బరువు పరిశోధనల్లో ఎక్కువగా వాడతారు. శారీరక సామర్థ్యం, ఆత్మగౌరవం, లైంగిక జీవితం, నలుగురిలో పడే ఇబ్బంది, ఉద్యోగం – ఈ ఐదు విషయాల మీద ప్రశ్నలుంటాయి. మంచిదే. కానీ కుర్చీలో పడతానో లేదో అనే బెంగ అమెరికా స్త్రీది. నర్మెట్టలో అడిగితే జాబితా వేరు. నేల మీద కూర్చుని లేవగలగడం. కింద కూర్చునే మరుగుదొడ్డిలో మోకాళ్లు పట్టెయ్యకుండా ఉండడం. నాట్లకు వంగగలగడం. తుమ్మినా దగ్గినా చీర తడవకుండా ఉండడం. రాత్రి నిద్ర. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ బస్సు ఆడవాళ్లకు ఉచితమైంది, కానీ మొదటి మెట్టు ఎత్తుగానే ఉంది. “బరువు సంగతి ఎనుక సూద్దాం మేడం, మోకాళ్లు నొయ్యకుంట బస్సెక్కితె సాలు,” అన్నది అరవై దాటిన ఒక పెద్దమ్మ. బతుకు నాణ్యత అంటే ఏమిటో ఇంతకంటే బాగా చెప్పిన నిర్వచనం నేను చదవలేదు.

బరువు తగ్గితే ఈ జాబితాలో ఏమైనా మారుతుందా? మారుతుంది. ఇక్కడ నిజాయితీగా ఉండాలి. లావు కేవలం అందం వ్యాపారుల కల్పన అని కొట్టిపారేస్తే నొప్పితో బతుకుతున్న స్త్రీకి ద్రోహం చేసినట్టే. ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులోనూ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని కీళ్లవాతం ఉన్నవాళ్ల మీద జరిగిన పరిశోధన 2005లో తేల్చింది. మూత్రం ఆపుకోలేని 338 మంది స్త్రీల మీద అమెరికాలో జరిగిన పరిశోధన ఫలితాలు 2009లో వచ్చాయి. ఆరునెలల కార్యక్రమంలో సగటున 8 శాతం బరువు తగ్గినవాళ్లలో ఆ ఇబ్బంది 47 శాతం తగ్గింది, కేవలం సలహాలు విన్నవాళ్లలో 28 శాతం తగ్గింది. కాన్పుల తర్వాత మొదలై, సిగ్గుతో ఎవరికీ చెప్పుకోక, పెళ్లికీ పేరంటానికీ పోవడం మానేసిన స్త్రీలు మన ఊళ్లలో ఎంతమందో ఆలోచించండి. వాళ్లకు ఇది చిన్న సంగతి కాదు. అందుకు సన్నబడిపోనక్కర్లేదు. డెబ్బై కిలోలున్న మనిషి ఐదారు కిలోలు తగ్గడం చాలు.

కానీ కథ ఇక్కడితో అయిపోదు. చక్కెర వ్యాధి ఉన్న 5,145 మందితో 2001లో మొదలైన ‘లుక్ అహెడ్’ అనే అమెరికా పరిశోధన 2012లో ఆగింది. వారం వారం సమావేశాలు, ఆహార నియమాలు, వ్యాయామం, సలహాదారులు – ఏ పేద దేశమూ భరించలేనంత శ్రద్ధ తీసుకున్నారు. మొదటి ఏడాది సగటున 8.6 శాతం బరువు తగ్గింది. చివరికి మిగిలింది 6 శాతం. గుండెజబ్బులు తగ్గుతాయన్న ప్రధానమైన ఆశ నెరవేరలేదు. శరీరానికి సంబంధించిన బతుకు నాణ్యత మాత్రం మెరుగైంది, మొదట్లో బాగా ఇబ్బంది పడుతున్నవాళ్లకే ఎక్కువ మేలు జరిగింది. ఇలాంటి పరిశోధనలన్నిటినీ కలిపి చూస్తే ఒకటి స్పష్టం: బరువు తగ్గితే ఒంటికి కలిగే సుఖం మనసుకు అంత నిలకడగా కలగడం లేదు. స్వీడన్‌లో 1987లో మొదలైన పరిశోధనలో, కడుపు ఆపరేషన్ చేయించుకున్నవాళ్ల బతుకు నాణ్యత మొదటి ఏడాది బాగా పెరిగి, బరువు తిరిగి వస్తున్నకొద్దీ తగ్గుతూ వచ్చి, పదేళ్లకు మొదటికంటే కాస్త మెరుగ్గా నిలిచింది. పోయిన బరువు తిరిగి రావడం శరీర ధర్మం. దాన్ని స్త్రీ బలహీనతగా చూపి, ఇంకో నెల ప్యాకెట్టు అంటగట్టడం వ్యాపార ధర్మం.

ఆ వ్యాపారం ఇప్పుడు ఊరి దాకా వచ్చింది. పొద్దున ఆరింటికి ఒక షట్టర్ గదిలో పదిహేను మంది స్త్రీలు. ముందు యంత్రం మీద నిలబెట్టి ఒంట్లో కొవ్వు ఎంతో చెబుతారు. తర్వాత పొడి కలిపిన షేకు. నెలకు ఐదారు వేలు. ఆ డబ్బు సంఘం అప్పులోంచో, పుస్తెలతాడు కుదువబెట్టో వస్తుంది. కొంత బరువు తగ్గాక, ఇంకో ముగ్గురిని తీసుకొస్తే నీకూ కమీషన్ అంటారు. కొన్నవాళ్లే అమ్మేవాళ్లవుతారు. పొడి ఆపగానే బరువు తిరిగొస్తుంది, అప్పు మిగులుతుంది.

అయితే ఈ కేంద్రాలకు పోయిన స్త్రీలు చెప్పే ఇంకో మాట మనం జాగ్రత్తగా వినాలి. “ఆ గంట సేపు నన్ను ఎవ్వరు పిలువరు. అందరం నవ్వుకుంటం. కిలో తగ్గితె సప్పట్లు గొడ్తరు.” ఆమె బతుకులో నిజంగా మెరుగైంది ఇదే. ఇంటి నుంచి ఒక గంట సెలవు, తోటి స్త్రీల సావాసం, తన ఒంటి గురించి తిట్లు కాకుండా మెచ్చుకోలు విన్న చెవి. వ్యాపారం తెలివిగా ఈ గంటను పొడి డబ్బాలో పెట్టి అమ్ముతోంది. ఆ గంటను ఉచితంగా, గౌరవంగా ఇవ్వగల నిర్మాణం మన దగ్గరే ఉంది. పొదుపు సంఘం, మహిళా సంఘం భవనం, అంగన్‌వాడీ – ఇవేవీ కొత్తగా కట్టనక్కర్లేదు.

తిండి సంగతి చూద్దాం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సవరించిన మార్గదర్శకాల్లో రోజుకు రెండు వేల క్యాలరీల పళ్లెం ఎలా ఉండాలో చెప్పింది: ధాన్యాలు 250 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు, పప్పులు లేదా గుడ్లు, మాంసం 85 గ్రాములు, పాలు 300 మిల్లీలీటర్లు, పండ్లు 100 గ్రాములు. మరి ప్రభుత్వ పళ్లెం? రేషన్ దుకాణంలో మనిషికి నెలకు 6 కిలోల బియ్యం, అంటే రోజుకు 200 గ్రాములు. 2025 ఏప్రిల్ నుంచి అవి సన్నబియ్యం అయ్యాయి. పప్పూ కూరగాయలూ మాత్రం బజారు పాలు. నలుగురున్న ఇంటికి ఆ మార్గదర్శకాల ప్రకారం నెలకు పది కిలోల పప్పు, 48 కిలోల కూరగాయలు కావాలి. ఒక్క పప్పుకే వెయ్యి రూపాయలు దాటుతుంది. “అన్నం తగ్గించు తల్లీ” అని సలహా ఇచ్చేవాళ్లు, తగ్గించిన అన్నం స్థానంలో ఏం తినాలో, దాన్ని ఎవరు కొనిస్తారో చెప్పరు.

తెచ్చినా ఎవరు వండుతారు, ఎవరు తింటారు అన్నది ఇంకో ప్రశ్న. 2017-18 ప్రాంతాల్లో వీరమాచనేని రామకృష్ణ డైట్ తెలుగునాట ఇంటింటి మాటయింది. అన్నం మానేసి కొబ్బరినూనె, నిమ్మరసం, సూపులు. డాక్టర్లలో దాని మీద పెద్ద వాదమే నడిచింది. ఆ వాదంలో ఎవరూ అడగని ప్రశ్న: భర్త డైటు చేస్తే భార్య రెండు వంటలు చేసింది. భార్య డైటు చేస్తే? అప్పుడూ ఆమే రెండు వంటలు చేసింది. గుడ్డు, మాంసం ముందు మగవాళ్లకు, పిల్లలకు పోయి, చివర గిన్నెలో మిగిలిన అన్నం ఆమె తినే ఇంట్లో ‘ఆహార నియమం’ అన్న మాటకు అర్థమేమిటి?

వ్యాయామమూ అంతే. ముప్పై ఏళ్లు దాటిన ప్రతి మనిషికీ ఆశా కార్యకర్త ఒక పట్టిక నింపుతుంది. స్త్రీ నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు దాటితే ఒక మార్కు, 90 దాటితే రెండు. వారానికి కనీసం 150 నిమిషాల శారీరక శ్రమ ఉందా అని ఇంకో ప్రశ్న. పత్తి ఏరే స్త్రీకి ఆ శ్రమ ఒక్క పూటలో అయిపోతుంది. కూలిపని లేని నడివయసు కోడలికి నడవడానికి చోటు లేదు. పొద్దున రోడ్డు మీద నడిస్తే “ఏం పనిలేదా” అంటారు, చీకటైతే భయం. కొలత తీసిన ఆశాకు, కొలిపించుకున్న స్త్రీకి ఇవ్వడానికి సలహా తప్ప ఏమీ ఉండదు. 2023 మార్చి 8న రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ‘ఆరోగ్య మహిళ’ కార్యక్రమంలో బరువు నియంత్రణ, యోగా, వ్యాయామం కూడా ఒక సేవగా చేర్చారు. ఆలోచన మంచిది. మంగళవారం ఒక్కరోజు క్లినిక్కు బదులు అది ఊళ్లో రోజూ దొరికే గంట కావాలి.

సినిమా చేసే హానీ తక్కువేం కాదు. మన తెర మీద లావు స్త్రీ నవ్వుకోవడానికే ఉంటుంది. 2015లో వచ్చిన ‘సైజ్ జీరో’ సినిమాలో అనుష్క నిజంగా బరువు పెరిగి, బరువు తగ్గించే క్లినిక్కుల మోసాన్ని చూపే పాత్ర వేసింది. అదే ఏడాది జూన్ 6న నటి ఆర్తి అగర్వాల్ అమెరికాలో 31 ఏళ్లకే మరణించింది. అంతకు కొన్ని వారాల ముందే ఆమె కొవ్వు తీసే శస్త్రచికిత్స చేయించుకుందని పత్రికలు రాశాయి. తన శరీరమే తన ఉద్యోగమైన స్త్రీ మీద ఉండే ఒత్తిడి ఎంతటిదో ఊహించుకోవచ్చు.

కొత్తగా సూదిమందులు వచ్చాయి. 2025 మార్చిలో మౌంజారో మన దేశంలో అమ్మకానికి వచ్చింది. దాని మీద జరిగిన పెద్ద పరిశోధనలో అత్యధిక మోతాదు తీసుకున్నవాళ్లు 72 వారాల్లో సగటున ఐదోవంతు బరువు తగ్గారు. ఇది వైద్యంలో పెద్ద మార్పే. కానీ ఆపితే బరువు చాలావరకు తిరిగి వస్తుంది. ఆ మందు వచ్చిన రోజుల్లో అతి తక్కువ మోతాదుకే నెలకు 14,000 రూపాయలు. అప్పుడు తెలంగాణలో వితంతు పింఛను 2,016 రూపాయలు. మంచి వైద్యం కొనగలిగినవాళ్లకు, సలహా మిగతావాళ్లకు అన్న పాత విభజనే ఇక్కడా మొదలైంది.

కాబట్టి మనం ఏం అడగాలి?

బరువు తగ్గించే ఏ కార్యక్రమాన్నైనా, ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, కిలోలతోనే తూచడం ఆపమని అడగాలి. ఏడాది తర్వాత ఆమె నేల మీద కూర్చుని లేవగలుగుతున్నదా, నిద్రపోతున్నదా, చీర తడుస్తుందన్న భయం లేకుండా బయటికి పోతున్నదా, అప్పు పెరిగిందా తగ్గిందా – ఇవి లెక్కలోకి రావాలి. రేషన్‌లో బియ్యంతోపాటు పప్పు, చిరుధాన్యాలు ఇమ్మని అడగాలి. జనగామలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. అక్కడి డాక్టర్లు, ఫిజియోథెరపిస్టులు మండలాలకు వచ్చి మోకాళ్లకు, కటి కండరాలకు వ్యాయామాలు నేర్పాలని అడగాలి. పరీక్ష చేయకుండా, అవమానించి పంపించడాన్ని వైద్య నిర్లక్ష్యంగా గుర్తించాలి.

చట్టాలు మన చేతిలోనే ఉన్నాయి. అభ్యంతరకరమైన మందుల ప్రకటనలను నిషేధించే 1954 నాటి చట్టం జాబితాలో స్థూలకాయం కూడా ఉంది. దాన్ని నయం చేస్తామని మందును ప్రకటించడం నేరం. పొడిని మందు అనకుండా ఆహారమని అమ్మి తప్పించుకునే వీలుంది కాబట్టి, ఆ ప్రకటనల్లోని మాటలను సేకరించి పెట్టుకోవాలి. మనుషుల్ని చేర్పించి కమీషన్ సంపాదించే గొలుసు పథకాలను 2021 డిసెంబరులో వచ్చిన డైరెక్ట్ సెల్లింగ్ నియమాలు నిషేధించాయి. వినియోగదారుల ఫిర్యాదుకు 1915 నంబరు ఉంది. మోసపోయిన స్త్రీ సిగ్గుతో నోరు మూసుకుంటుంది, తగ్గకపోవడం తన తప్పే అనుకుంటుంది. ఆమె పక్కన కూర్చుని ఫిర్యాదు రాయడం మన పని.

సన్నబడాలని కోరుకునే స్త్రీని స్పృహ లేనిదని తీసిపారేయడం, లావుగా ఉన్న స్త్రీని క్రమశిక్షణ లేనిదని తీసిపారేయడం – రెండూ ఆమె మాట వినకుండా చేసే తీర్పులే. ఒంటి నొప్పి తగ్గాలని అడిగే హక్కు ఆమెకుంది. ఆ నొప్పికి వైద్యం పొందడానికి ముందు సన్నబడనక్కర్లేని హక్కు కూడా ఆమెకుంది. ఈ రెండు హక్కులనూ కలిపి అడిగే సమావేశం ఒకటి ప్రతి మండలంలోనూ జరగాలి. ఆ సమావేశంలో తూకం యంత్రం అవసరం లేదు. మోకాళ్లు నొప్పులున్నవాళ్లు కూర్చోవడానికి నాలుగు కుర్చీలు వేస్తే చాలు.